నా ముందు వంతు

జనవరి 9

ఇవాళ అడిగేశాను. మూడేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట, బడిలో పిల్లల్ని పడుకోబెట్టి దుప్పట్లు సర్దుతూ సర్దుతూ అడిగేశాను.

"అక్కా, బిడ్డ పుడితే సెలవులో మనకి జీతం వస్తుందా? వస్తే ఎంతొస్తుంది?"

షిగెనో అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఏంటే, ఏమన్నా విశేషమా?"

"అబ్బే, లేదు. ముందే తెలుసుకుని ఉంటే మంచిదని. నా వంతు రాకుండా నేనెందుకు తొందరపడతాను?"

నవ్వింది. ఇప్పుడు రాస్తుంటే నాకే చెవులు కాలుతున్నాయి. నా ముందు వంతు ఆమెదే కదా. ఆమెకి ఇంకా కాలేదు కాబట్టే నాకు రాలేదు. దెప్పినట్టు వినిపించిందేమో. కానీ అక్క అలా అనుకునే మనిషి కాదు.

"పెద్ద టీచర్ దగ్గర మెల్లిగా కూపీ లాగుతాలే. నువ్వు మాత్రం ఎక్కడా నోరు విప్పకు" అంది.

విప్పను. మా పసిపిల్లల బడిలో సెలవు జీతం ఎంతని అడగడమంటే నెల తప్పిందని చాటింపు వేసుకోవడమే. పొద్దున ఆఫీసులో అడిగితే మధ్యాహ్నానికి వంటావిడ నా గిన్నెలో ఒక గరిటె ఎక్కువ వేస్తుంది. అందుకే అక్కని అడిగాను. ఆరేళ్ళుగా ఏడాది పిల్లల గదిలో ఇద్దరం కలిసి ముక్కులు తుడుస్తున్నాం. బడిలో ఆమె షిగెనో టీచర్, గేటు దాటాకే అక్క. ఇవాళ గేటు లోపలే అక్కా అనేశాను, అంత కంగారు.

జనవరి 11

మా ఆయన తోమో పని నుంచి వచ్చేసరికి మోచేతుల దాకా నీలం. తువ్వాళ్ళ మిల్లులో ఈ వారమంతా నీలం అద్దకమేనట. సబ్బు పెట్టి రుద్దుకుంటూ, "అడిగావా?" అన్నాడు.

"అడిగాను. కనుక్కుని చెబుతానంది."

"ఎవరు?"

"షిగెనో అక్క."

"జీతం ఇచ్చేది షిగెనో గారా?"

వెటకారం. ఆ వరుస సంగతి అతనికి మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. పెళ్ళయిన క్రమంలో షిగెనో అక్క, తర్వాత నేను, తర్వాత యురా. ఒకరు బిడ్డని కని తిరిగి పనిలోకి వచ్చాకే ఇంకొకరు. ఇద్దరు ఒకేసారి వెళ్ళిపోతే పిల్లల్ని చూసేదెవరు? ఏటా చలికాలం చివర్లో పెద్ద టీచర్ ఒక్కొక్కరినీ టీకి పిలిచి, ఎవరి తర్వాత ఎవరో గుర్తు చేస్తుంది. తోమో అంతా విని, "మా మిల్లులో మరుగుదొడ్డికి కూడా ఇంత పద్ధతి లేదు" అన్నాడు. నాకు కోపమొచ్చి లేచి వెళ్ళి సూప్ వేడి చేశాను.

అతనిది భయమే, తెలుసు. నా జీతం ఆగితే ఇంటద్దె కట్టి, మిగిలిన దాంతో ముగ్గురం టోఫూ తిని బతకాలంటాడు. నవ్వుతూనే అంటాడు, కానీ ప్రతిసారీ అంటాడు. సగం జీతమైనా వస్తుందని తెలిస్తే ధైర్యంగా మొదలుపెడదామని అనుకున్నాం. మార్చిలో నాకు ముప్పై ఎనిమిది నిండుతాయి.

అత్తగారు నారింజల పెట్టె పంపారు. అడుగున ఉన్ని నడికట్టు. పొట్ట చల్లబడకూడదట. ఇది నాలుగోది.

జనవరి 15

బడి ఆవరణలో మంట వేశాం. కొత్త సంవత్సరం తోరణాలు, పాత తాయెత్తులు అన్నీ అందులో. షిగెనో అక్క కోటు జేబులోంచి ఒక తాయెత్తు తీసి మంటలో పడేసింది. నేను నిరుడు కొండ మీది గుడికెళ్ళి, ఆమెకి బిడ్డ కలగాలని మొక్కి తెచ్చిచ్చినది. నాకోసం తెచ్చుకోలేదు. వంతు రాకుండా అడిగితే దేవుడి దగ్గర కూడా బాగుండదనిపించింది.

ఏడాది దాటిన తాయెత్తు కాల్చెయ్యాలి, కొత్తది తెచ్చుకోవాలి. అదే పద్ధతి. "ఆదివారం వెళ్ళి కొత్తది తేనా అక్కా?" అని చెవిలో అడిగాను.

"వద్దులే. చలి" అంది.

చలికి నా మోకాళ్ళు పట్టేస్తాయని గుర్తుపెట్టుకుంది. ఎంత బాధలో ఉన్నా ఎదుటి వాళ్ళ గురించే ఆలోచిస్తుంది.

జనవరి 22

జవాబు వచ్చింది. బస్టాపు దగ్గర మెషీన్‌లోంచి వేడి మొక్కజొన్న సూప్ డబ్బాలు రెండు తీసుకుని నిలబడ్డాం.

"చూడు చినాత్సూ, వంతు ప్రకారం వెళ్ళిన వాళ్ళకే సెలవులో ఏమైనా ఇచ్చేది. వంతు తప్పితే ఒక్క యెన్ రాదు. పైగా సొంత కారణాల వల్ల మానేస్తున్నానని రాసిచ్చి పోవాలి. మనకి ముందు ఒకావిడ అలాగే పోయిందట."

"వంతు ప్రకారం వెళితే ఎంతిస్తారు?"

"అది పెద్ద టీచర్ చేతిలో ఉంది. ఆవిడ మనసు నొప్పించకుండా ఉంటే అన్నీ ఆవిడే చూసుకుంటుంది."

అర్థమైంది. ఇన్నాళ్ళు ఆగడం ఎంత మంచిదైందో. తొందరపడి ఉంటే ఉద్యోగమూ పోయేది, డబ్బూ పోయేది.

"మరి నీకు ఈ నెల?" అని అడిగాను. నెలనెలా అడుగుతాను. నేను కాకపోతే ఎవరు అడుగుతారు? వాళ్ళాయనకి తకమత్సులో ఉద్యోగం, ఆదివారాలే వస్తాడు.

తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

ఫిబ్రవరి 3

రాక్షసుణ్ణి తరిమే పండగ. ఈసారి రాక్షసుడు యురా. ఎర్ర ముసుగు, చారల లాగు వేసుకుని గర్జిస్తూ వచ్చింది. పిల్లలు వేయించిన సోయా గింజలు విసిరారు. రెండు నిమిషాలైందో లేదో, రాక్షసుడు ముసుగు పీక్కుని చేతులు కడిగే తొట్టి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. "రాక్షసుడు ఓడిపోయాడు!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళం ఎవరం కొట్టలేదు.

యురా వంతు నా తర్వాత.

ఫిబ్రవరి 6

యురా, ఆమె భర్త కలిసి వచ్చారు. అతను చేపల లారీ నడుపుతాడు. పెళ్ళినాటి సూటేమో, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. ముందు పెద్ద టీచర్ గదిలో, తర్వాత మా గదిలో, ఇద్దరూ నడుము దాకా వంగి నిలబడ్డారు.

"మా తొందరపాటు వల్ల మీ అందరికీ ఇబ్బంది కలిగించాం. మీ వంతు దాటాం. క్షమించండి."

షిగెనో అక్క వెంటనే లేచి, "అయ్యో, లేవండి లేవండి. నా సంగతి వదిలెయ్యమ్మా, నీ ఆరోగ్యం చూసుకో" అంది. ఆమెది అంత పెద్ద మనసు. నేను మాత్రం వాళ్ళని కాసేపు అలాగే వంగి ఉండనిచ్చాను. "మేమూ ఆగుతున్నాం కదా, యురా టీచర్. ఆగడం అందరికీ కష్టమే" అన్నాను. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నాకు హాయిగా అనిపించింది, ఎందుకు దాచడం.

మిఠాయి పెట్టె ఇచ్చి వెళ్ళారు. లోపల తీపి పప్పు ముద్ద పెట్టి చుట్టిన కేకు, స్టేషన్ ఎదురు దుకాణానిది. సాయంత్రం పెద్ద టీచర్ పిలిచి, "చినాత్సు టీచర్, ఒకరి తొందర వల్ల నీది ఇంకో రెండేళ్ళు వెనక్కి జరిగింది. నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు" అంది.

"అలాగేనండి" అన్నాను.

ఫిబ్రవరి 7

తోమోకి చెప్పలేదు.

ఫిబ్రవరి 9

చెప్పాను. రెండేళ్ళంటే నలభై అన్నాడు. లెక్క నాకు రాదా? ఇద్దరం అరుచుకున్నాం. యురా కేకు అతను ముట్టలేదు. నేను నాలుగు ముక్కలు తిన్నాను.

ఫిబ్రవరి 16

తోమో పొరబడ్డాడు.

పొద్దున రేవులో గాలం వేస్తుంటే షిగెనో అక్క భర్త కనిపించాడట. తండ్రి సంవత్సరీకానికి ఊరొచ్చాడట. భుజం మీద పిల్ల. పక్కన ఒకామె పిల్ల టోపీ సరిచేస్తోందట. తోమో నమస్కారం పెట్టి, "షిగెనో గారు ఎలా ఉన్నారు? మా ఆవిడ రోజూ తలుచుకుంటుంది" అన్నాడట. ఆయన తెల్లబోయి, "మీకు తెలియదా? మేం విడిపోయి మూడేళ్ళు దాటింది. ఈమె నా భార్య" అన్నాడట.

మగవాళ్ళు ఏదీ సరిగా వినరు. రేవులో గాలి కూడా ఎక్కువ. ఆ పిల్ల ఆయన చెల్లెలి కూతురై ఉంటుంది. షిగెనో అక్క వేలికి పెళ్ళి ఉంగరం ఉంది, ఇంటిపేరూ మారలేదు. నాకు చెప్పకుండా ఉంటుందా? నా పళ్ళలో ఏది పుచ్చిందో కూడా ఆమెకి తెలుసు.

ఫిబ్రవరి 17

ఉంగరం చూశాను. ఉంది.

ఫిబ్రవరి 18

విడిపోయాక పాత ఇంటిపేరే ఉంచుకోవచ్చట. తోమో చెప్పాడు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 19

తోమో మొదటి రోజు అన్న మాట నన్ను వదలడం లేదు. జీతం ఇచ్చేది షిగెనో గారా?

మధ్యాహ్నం భోజనం మానేసి, సైకిల్ మీద రేవు దాకా వెళ్ళి, ఓడ టికెట్ల గది వెనక నిలబడి ఆరోగ్య బీమా వాళ్ళకి ఫోన్ చేశాను. పేరు అడుగుతారేమోనని ఒక దొంగ పేరు కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు.

"ఇంకా ఏమీ లేదండి, ముందుగా తెలుసుకుందామని. బిడ్డ పుడితే సెలవులో మా బడి ఎంతిస్తుందో..."

"మీ జీతంలోంచి నెలనెలా బీమా కోత పడుతోందా అండీ?" అవతల ఆడగొంతు.

"పడుతోంది. పదమూడేళ్ళుగా."

"అయితే కాన్పుకి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు, మీ జీతంలో దాదాపు మూడింట రెండు వంతులు మేమిస్తాం. తర్వాత బిడ్డని చూసుకునే సెలవుకి ఉద్యోగ బీమా వాళ్ళిస్తారు. బడి మీకివ్వక్కర్లేదు."

"మా బడిలో వంతులుంటాయండి. వంతు తప్పితే రాదన్నారు."

"వంతులా? దేనికండీ?"

ఆవిడే మళ్ళీ, "కడుపుతో ఉన్నారని ఎవరినీ మానిపించకూడదు, అది చట్టం. ఎవరైనా మానేస్తున్నానని రాసిమ్మంటే సంతకం పెట్టకండి. ముందు మాకు ఫోన్ చెయ్యండి" అంది.

అది బడి వాళ్ళ డబ్బే కాదు. అసలు వాళ్ళ చేతిలోనే లేదు. అది నా జీతంలోంచి నెలనెలా పోయి నాకోసం ఎక్కడో కూర్చుని ఉంది. దాని కోసం నేను మూడేళ్ళు పెద్ద టీచర్ మొహం చూస్తూ నిలబడ్డాను. వెనక్కి వస్తుంటే ఎదురుగాలికి సైకిల్ కదల్లేదు, దిగి నడిచాను.

అక్కకి కూడా తెలియదేమో. ఆమెని కూడా మోసం చేసి ఉంటారు.

ఫిబ్రవరి 20

తెలుసు. ఆమెకి అన్నీ తెలుసు.

పొద్దున ఇద్దరం పిల్లల బండి తోసుకుంటూ రేవు వైపు తీసుకెళ్ళాం. బండిలో ఆరుగురు, అంచు పట్టుకుని నిలబడి, పసుపు టోపీలతో. పిల్లల ముందు గొంతు పెంచకూడదు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ నవ్వుతూ శుభోదయం చెప్పాలి. అలా నవ్వుతూనే అడిగాను.

"మీ ఆయన్ని మా తోమో చూశాడట."

"అలాగా. ఎప్పుడు?"

"ఆదివారం. పిల్లని ఎత్తుకుని ఉన్నాడట. భార్య పక్కనుందట."

బండి ఆగలేదు. ఆమె అడుగు కూడా తడబడలేదు. "బస్సు! బస్సు!" అని బండిలోంచి కెయిగో అరిచాడు. "అవునమ్మా, బస్సు" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"చెప్పాలనే అనుకున్నాను" అంది.

"మూడేళ్ళు అనుకున్నావా?"

"పెద్ద టీచర్‌కి మొదటి వారమే చెప్పాను. కాగితాలు మార్చాలి కదా. ఆవిడే అంది, ఎవరికీ చెప్పకు, నీ వంతు అలాగే ఉంచుకో అని. నువ్వు ముందుంటే వెనక వాళ్ళు మర్యాదకి ఆగుతారు, బడి నడుస్తుంది అంది. వైస్ ప్రిన్సిపాల్‌ని చేస్తానంది. ఈ ఏప్రిల్‌కి చేస్తోంది."

"నేను నీకోసం కొండెక్కాను."

"తెలుసు."

"నెలనెలా అడిగాను, అక్కా. నెలనెలా నువ్వు ఏడ్చావు."

అప్పుడు నావైపు చూసింది. "అది అబద్ధం కాదు. ఇంటికెళితే మాట్లాడే మనిషి లేదే నాకు. నెలకోసారి నువ్వు చెయ్యి పట్టుకునేదానివి. అది పోతుందని..."

నాకు జాలి వేసింది. ఆ క్షణంలో కూడా జాలి వేసిందంటే నా మీద నాకే రోత పుట్టింది. చేపలమ్మే ముసలావిడ ఎదురొచ్చి, "ఎంత ముద్దుగా ఉన్నారో!" అంది. ఇద్దరం వంగి శుభోదయం చెప్పాం.

"డబ్బు సంగతి? ఒక్క యెన్ రాదన్నావే?"

"అలా చెప్పమని ఆవిడే అంది."

"అబద్ధమని నీకు తెలుసా తెలీదా?"

బండి బ్రేకు వేసింది. ఒక పిల్ల టోపీ జారితే సర్ది, గడ్డం కింద రబ్బరు సరిచేసింది. "తెలుసు" అంది.

మిగతా దారంతా బాతుల పాట పాడాం, పిల్లలు అడిగారని.

ఫిబ్రవరి 21

ఏం రాయను.

ఫిబ్రవరి 24

మూడేళ్ళు ఆమె తెల్లవారి డ్యూటీలన్నీ నేనే చేశాను. "ఆస్పత్రికెళ్ళాలి చినాత్సూ, నీకు పుణ్యముంటుంది" అనేది. బడి తలుపులు నేనే తెరిచేదాన్ని, హీటర్లు నేనే వేసేదాన్ని. ఆ పొద్దుటి పూటలు ఆమె ఎక్కడికి వెళ్ళేది? దుప్పట్లో పడుకునేదా? అల్లం టీ చేసి ఫ్లాస్కులో తెచ్చిచ్చేదాన్ని. తాగేది. బాగుందనేది.

నెలనెలా అడిగాను.

ఇంట్లో మాత్రం తోమో నావైపు జరిగిన ప్రతిసారీ, "ఇప్పుడు కాదు, అక్కకి ఇంకా కాలేదు" అని గోడవైపు తిరిగాను. ఎవరి మంచంలోకి ఎవరిని తెచ్చి పడుకోబెట్టాను నేను. ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు. ఆ ఏళ్ళు ఏ బీమా వాళ్ళూ తిరిగివ్వరు.

ఫిబ్రవరి 27

పెద్ద టీచర్ టీకి పిలిచింది. మంచి కప్పు తీసింది, అతిథులకి పెట్టేది.

"షిగెనో చెప్పింది, నీకు కొంచెం మనసు కష్టపడిందని. బడి కోసం చేసిన పనమ్మా. నువ్వే చెప్పు, అందరూ ఒకేసారి వెళ్ళిపోతే ఈ పసివాళ్ళ గతేం కావాలి?"

కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"ఇక నుంచి వరుసలో మొదటి పేరు నీదే. నువ్వు సీనియర్‌వి, నువ్వుంటే చిన్నవాళ్ళు ఆగుతారు. నాలుగైదేళ్ళలో షిగెనో నా కుర్చీలోకొస్తుంది, ఆమె కుర్చీ నీదవుతుంది." టీ ఇంకొంచెం పోసింది. "ముప్పై ఎనిమిదికి ఎలాగూ సులువు కాదు కదా తల్లీ. కాకపోతే కాలేదని ఎవరూ నిన్ను వేలెత్తి చూపరు. వంతు నీ దగ్గరుంటే నీకూ మర్యాదే."

షిగెనోని కూర్చోబెట్టిన చోట నన్ను కూర్చోబెడుతోంది. నేను కప్పు విసరలేదు, లేచి రాలేదు. నా నోట్లోంచి వచ్చిన మాట "ఆలోచిస్తానండి". టీ చివరిదాకా తాగాను. బాగుందని కూడా అన్నాను.

మార్చి 1

తోమోకి చెప్పాను. అంతా విని, "నీకా కుర్చీ కావాలా?" అన్నాడు. ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు.

ఒక్క క్షణం కావాలనిపించింది. తెల్లవారి డ్యూటీలు ఉండవు. టీ నేను పోస్తాను, చిన్నవాళ్ళు నా ముందు వంగుతారు. వంగుతారు అనుకోగానే యురా నడుము గుర్తొచ్చింది. కడుపులో వికారంతో ఉన్న పిల్లని అలా నిలబెట్టి ఆగడం కష్టమని నీతులు చెప్పాను. ఆ రోజు వాళ్ళని అలా వంచింది పెద్ద టీచర్ ఒక్కతే కాదు.

"సూటు తీసి ఎండలో వెయ్యి" అన్నాను తోమోతో.

మార్చి 3

ఆడపిల్లల బొమ్మల పండగ కదా, బడి త్వరగా అయిపోయింది. స్టేషన్ ఎదురు దుకాణంలో అదే కేకు, అదే సైజు పెట్టె కొన్నాం. తోమో గోళ్ళ చుట్టూ నీలం ఎంత రుద్దినా పోలేదు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. యురా వాళ్ళది మూడో అంతస్తు. తలుపు తీసి మమ్మల్ని సూట్లలో చూసేసరికి ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు.

"యురా టీచర్, నేను మీకు అన్యాయం చేశాను. క్షమించండి" అన్నాను. ఇద్దరం గుమ్మం దగ్గరే నడుము దాకా వంగాం.

"అయ్యయ్యో, చినాత్సు టీచర్! లేవండి! బదులు వంగుదామంటే నాకు కడుపులో తిప్పేస్తోంది!"

లోపల్నుంచి ఆమె భర్త పరిగెత్తుకొచ్చి, ఏం జరిగిందో తెలియక తనూ వంగాడు. ముగ్గురం వంగే ఉన్నాం, యురా ఒక్కతే నిటారుగా నిలబడి ఏడుస్తూ నవ్వుతోంది.

నెలాఖరుకి మానెయ్యమని పెద్ద టీచర్ చెప్పిందట. సొంత కారణాలని రాసిమ్మందట. వచ్చే సోమవారం ఇద్దామనుకుంటున్నారు.

"ఇవ్వకు" అన్నాను. బీమా వాళ్ళు చెప్పిందంతా చెప్పాను. డబ్బు బడిది కాదని, ఎవరి వంతుతోనూ దానికి సంబంధం లేదని, నాకు వచ్చేలాగే తనకీ వస్తుందని. లారీ అబ్బాయి నాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి గోడకి చేరగిలబడి, "మరి మేమెందుకు వంగాం?" అన్నాడు. తోమో, "కేకు తినండి" అన్నాడు.

మార్చి 6

పెద్ద టీచర్ గదిలోకి నేనే వెళ్ళాను. కూర్చోమంది, కూర్చోలేదు.

"వరుసలో నా పేరొద్దండి. యురా టీచర్ మానెయ్యడం లేదు, మానిపించకూడదని బీమా వాళ్ళే చెప్పారు. మా ఇంట్లో మేమూ ఇక ఆగడం లేదు. బిడ్డ కలగొచ్చు, కలగకపోవచ్చు. కలిగితే సెలవు తీసుకుంటాను, క్షమాపణకి మాత్రం రాము."

"బీమా వాళ్ళకి ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనే."

ఆవిడకి కోపం రాలేదు. నవ్వింది, అది ఇంకా ఘోరం. "నువ్వు ఈ దారిలో వెళతావని నాకు జనవరిలోనే తెలుసు. సెలవు జీతం ఎంతని నువ్వు అడిగిన సాయంత్రమే షిగెనో వచ్చి చెప్పింది."

ఆ సాయంత్రమే. నేను ఇంటికొచ్చి ఈ పుస్తకంలో, అక్క అలా అనుకునే మనిషి కాదని రాసుకుంటున్నప్పుడు.

అన్నిటికంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకో తెలియదు. అప్పటికే అన్నీ తెలిసిపోయాయి కదా.

మార్చి 14

ముప్పై ఎనిమిది. తోమో రొయ్యలు వేయించాడు. సగం మాడ్చాడు.

ఏప్రిల్ 1

షిగెనో టీచర్ వైస్ ప్రిన్సిపాల్. నాకు తెల్లవారి డ్యూటీలన్నీ. ఆమె సంతకంతోనే కాగితం వచ్చింది. గేటు దగ్గర ఎదురుపడితే, "చినాత్సూ, కాస్త ఆగవే" అంది.

"చెప్పండి, షిగెనో టీచర్" అన్నాను. గేటు బయటే ఉన్నాం.

ఆమె తల వంచి లోపలికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 23

బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరు కొత్త టీచర్లు తలుపు వేసి, గుసగుసగా ఆ బీమా వాళ్ళ ఫోన్ నంబరు అడిగారు. గుసగుస ఎందుకు అన్నాను. గట్టిగానే చెప్పాను.

మే 2

ఈ నెల లేదు. తోమో ముందు ఏడవలేదు. స్నానాల గదిలో ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి చెయ్యి చాస్తే పట్టుకునేందుకు షిగెనో అక్కే గుర్తొచ్చింది, చూడు నా బతుకు.

జూన్ 17

పొద్దుటి నుంచి వాన. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళలేదు. యురా పొట్ట మీద చెవి పెట్టి వినడానికి మా గదిలో వాళ్ళంతా క్యూ కట్టారు. కెయిగో ముందుకి తోసుకొచ్చి నా వంతు నా వంతు అని గోల. అందరూ ఒకేసారి వినొచ్చులే అని యురా వెల్లకిలా పడుకుంది.

సాయంత్రం బస్టాపు రేకు కింద షిగెనో టీచర్ ఒక్కతే నిలబడి ఉంది. చిక్కిపోయింది. చేతిలో ఫ్లాస్కు ఉంది. నా వైపు చాపింది.

"అల్లం టీ. నేనే చేశాను." గొంతు తగ్గించింది. "ఈ నెల... ఏమన్నా ఉందా చినాత్సూ?"

నేను అడిగినట్టే అడిగింది. అదే మెత్తని గొంతు. నిజంగానే అడిగింది, పెద్ద టీచర్ కోసం కాదు, ఆ తేడా నాకు తెలుస్తుంది. తెలుస్తుందని జనవరిలో కూడా అనుకున్నాను.

మొన్న శనివారం డాక్టరమ్మ తెర మీద చిన్న గింజంత చుక్క చూపించి, గుండె కొట్టుకుంటోంది చూడండి అంది. తోమో నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఇంకా నొప్పిగా ఉంది. ఇన్నేళ్ళూ నాకు ఏది జరిగినా మొదట చెప్పింది ఆమెకే. పన్ను పుచ్చినా ఆమెకే. నోటిదాకా వచ్చింది, దేవుడి సాక్షిగా వచ్చింది.

"ఏమీ లేదు, షిగెనో టీచర్" అన్నాను.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను, బస్సు వచ్చేదాకా.